ఉత్త చేతులతో వచ్చినవాడు

యుద్ధం ముగిసిందని రేడియోలో చెప్పిన ఏడాది, వానాకాలమంతా మా ఇంటి ముందు గది మగవాళ్ళతో నిండి ఉండేది. ఆ ఇంట్లో ఉండాల్సిన మగమనిషి మాత్రం లేరు.

మా అత్తయ్య అప్పుడు పురపాలక సంఘానికి ఛైర్మను. ఊరంతా ఛైర్మనమ్మ అనేది. అంతకుముందు ఆవిడ మున్సిపల్ ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగమంతా కాన్పుల గదిలోనే గడిచింది. ఎన్నికల్లో ఆవిడ మీద పోటీ చేసిన సిమెంటు వ్యాపారిని కూడా ఈ లోకంలోకి పట్టుకు లాగింది ఆవిడే. "పుట్టినప్పుడే వాడికి తల పెద్దది, వాళ్ళమ్మని నానా తిప్పలు పెట్టాడు" అని ప్రచారంలో ఒకే ఒక్క మాట అంది. ఆ మాటకే గెలిచిందని జనం చెప్పుకునేవారు.

కుళాయి తిప్పాలన్నా, బడిలో బహుమతులివ్వాలన్నా, కొత్త కాలువ మీద పలక పరవాలన్నా ఆవిడ వెళ్ళాల్సిందే. రిబ్బను కత్తిరించడానికి పళ్ళెంలో కత్తెర పెట్టి తెస్తే దాన్ని పక్కకు నెట్టి, సంచిలోంచి తన పాత ఆసుపత్రి కత్తెర తీసేది. "ఇన్ని బొడ్లు కోసిన చేతికి రిబ్బనొక లెక్కా" అనేది. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ జనానిదీ అదే నవ్వు. నాకు విసుగొచ్చేది గానీ ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మంగళవారాలు ఒక ఎత్తు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటికి రావచ్చని ఆవిడ ఊరంతా చాటింపు వేయించింది. ఆఫీసులో ఎందుకు కూర్చోరని నేను అడిగితే, "బల్లకి ఇవతల నిలబెట్టి మాట్లాడితే వాళ్ళకి మళ్ళీ సైన్యమే గుర్తొస్తుందే" అంది. ముందు గదిలో రెండు బెంచీలు వేయించింది. అందరికీ టీ. ఒకడికి ఉద్యోగం, ఒకడికి కాలికి కట్టు, ఒకడికి పిల్లని బళ్ళో చేర్చడం, ఒకడికి వట్టినే కాసేపు కూర్చోవడం. దిక్కులేనివాళ్ళు పడుకోవడానికి స్టేషను దగ్గర పాత గోదాము తెరిపించింది. వచ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ చేతిలో పుట్టినవాళ్ళే. "నువ్వు పుట్టగానే ఏడవలేదురా, నేను వీపు మీద చరిస్తే అప్పుడు నోరు తెరిచావు. ఇప్పుడూ అంతేనా, చెప్పు నోరు తెరిచి" అంటే ఎంత బిగుసుకుపోయినవాడైనా నవ్వేవాడు.

నా కుట్టుమిషను అదే గదిలో కిటికీ పక్కన ఉండేది. నా పని కోట్లు. ఇళ్ళకొచ్చిన సైనికులకు ఒంటి మీద వేసుకోవడానికి ఆ సైన్యపు కోటు తప్ప మరొకటి లేదు. ఆ కోటుతో పోతే ఎవరూ పనిలో పెట్టుకునేవారు కాదు. అందుకని భుజం పట్టీలు విప్పేసి, ఇత్తడి గుండీలు తీసి మామూలువి కుట్టి, పెరట్లో డ్రమ్ములో నల్లరంగు కాచి అందులో ముంచి ఇచ్చేదాన్ని. ఆ వానలకి ఏదీ ఎండేది కాదు. మోచేతుల దాకా నా చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

మా ఆయన మున్సిపాలిటీలో కరెంటు పని చేసేవారు. స్తంభం ఎక్కితే కిందకి దిగబుద్ధి కాదు ఆయనకి. పైనుంచి వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరిస్తూ ఉండేవారు. ఊళ్ళో అందరూ 'కరెంటు' అనే పిలిచేవారు. సైన్యంలో టెలిఫోను తీగలు లాగే పనికి వేశారు. కొన్నాళ్ళు ఉత్తరాలొచ్చాయి, తర్వాత రాలేదు. సైన్యం ఆఫీసులో అడిగితే ఆచూకీ తెలియదన్నారు. ఉన్నాడనీ అనరు, లేడనీ అనరు. అడిగీ అడిగీ చెప్పులరిగాయి.

అందుకని మంగళవారం వచ్చిన ప్రతివాడినీ, పని మాట్లాడటం అయ్యాక, అత్తయ్య ఒక మాట అడిగేది. సంచిలోంచి కొడుకు ఫొటో తీసి, "ఎక్కడైనా చూశావా బాబూ?" అనేది. మొదట్లో అందరూ లేదనే అన్నారు. లేదన్నందుకు ఎవరి పనీ ఆగలేదు. ఈ సంగతి నేను గట్టిగా చెప్పగలను, మిషను ముందు కూర్చుని అన్నీ విన్నదాన్ని.

ఆ తర్వాత ఒంటిచెయ్యి వచ్చాడు. మంగలి కొడుకు. ఎడమ చెయ్యి పోగొట్టుకుని వచ్చాడు కాబట్టి తండ్రి పని చేయలేడు. పార్కు గేటు దగ్గర కాపలా ఇప్పిస్తానని అత్తయ్య ముందే చెప్పేసింది. తర్వాత ఫొటో చూపించింది. అతను దాన్ని చూసి, ఆవిడ ముఖం చూసి, "చూశానమ్మా. నది అవతల ఖైదీల శిబిరంలో. రేడియో బాగుచేస్తున్నాడు" అన్నాడు.

అత్తయ్య లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చింది. నా కాలు మిషను మీద ఉందో నేల మీద ఉందో నాకు తెలియలేదు. ఆ రోజు ఇద్దరం భోజనం చేయడం మర్చిపోయాం.

ఊరు మాత్రం దీన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. ఒంటిచెయ్యి 'కరెంటు' గురించి కబురు చెప్పాడు, గేటు ఉద్యోగం వచ్చింది. అంతే. ఎవరింటికైనా పళ్ళు పట్టుకెళ్ళినట్టు, అప్పటి నుంచి మా ఇంటికొచ్చేవాళ్ళు ఒక్కో కబురు పట్టుకొచ్చారు. ఆయన ఒళ్ళు చేశారన్నాడొకడు. జ్వరం వచ్చి తగ్గిందన్నాడొకడు. ఆఖరి విడతలో వదిలేస్తారట, తన చెవులతో విన్నానన్నాడు మరొకడు. వాన పెరిగేకొద్దీ కబుర్లూ పెరిగాయి. ప్రతి కబురుతో అత్తయ్య నడక మారింది. కౌన్సిల్లో మెంబర్ల మీద అరిచే అరుపు తిరిగొచ్చింది. నేను ఆయన చొక్కాలు తీసి గుండీలు సరిచూసి పెట్టాను. నాకూ ఆశే.

ఒకరోజు కొత్తగా వచ్చినవాడు, "మీవాడు సిగరెట్లు మానేశాడమ్మా" అన్నాడు. అత్తయ్య టీ తేవడానికి లోపలికెళ్ళింది. మా ఆయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు. నేను మిషను ఆపి, "ఏ సిగరెట్లు?" అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు పార్కుకి వెళ్ళాను. ఒంటిచెయ్యి గేటు పక్కన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"నువ్వు చూశావా ఆయన్ని? నా ముఖం చూసి చెప్పు."

"లేదు వదినా" అన్నాడు. గేటు గొళ్ళెం అటూ ఇటూ తిప్పాడు. "ఆవిడ నన్ను పుట్టించింది, ఇప్పుడు అన్నం పెట్టింది. నా దగ్గర ఇవ్వడానికి ఏముంది చెప్పు? ఆవిడ ముఖం చూస్తే నోటికొచ్చేసింది."

"మిగతావాళ్ళు?"

"నేనే చెప్పాను వాళ్ళకి. ఆవిడ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకండ్రా అని. చెడ్డకి కాదు వదినా."

అతన్ని తిట్టాలని వెళ్ళాను. తిట్టలేకపోయాను. ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాలనుకున్నాను, అదీ చేతకాలేదు. అబద్ధమని తెలిశాక కూడా, అందరివీ అబద్ధాలు కాకపోవచ్చు కదా, ఒక్కడన్నా నిజంగా చూసి ఉండొచ్చు కదా అని నాలో నేనే లాయరులా వాదించుకున్నాను. ఆశ అంత సిగ్గుమాలినది.

సైన్యంలో లారీ డ్రైవరుగా చేసిన ఒకతను వచ్చిన రోజు వాన మరీ ఎక్కువగా ఉంది. అతన్ని మాలో ఎవరూ ఎరగరు. బక్కపలచటి మనిషి, కోటు నిండా బురద, మాటకొకసారి దగ్గు. ఒంటిచెయ్యి మంగళవారాలు మా గుమ్మం దగ్గరే ఉండి వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టేవాడు. ఇతని చెవిలో కూడా ఏదో ఊదడం నేను చూశాను. అతను తలూపాడు.

"నీ పనేంటి బాబూ?" అంది అత్తయ్య.

"పడుకోడానికి చోటు కావాలమ్మా. ఆసుపత్రిలో మంచం ఇవ్వాలంటే ఈ ఊళ్ళో ఏదో ఒక చిరునామా ఉండాలన్నారు. గోదాములో ఉంటే అదే చిరునామా అవుతుందట."

"దానికంత మొహమాటం దేనికి? సాయంత్రమే వెళ్ళి పడుకో. దుప్పట్లు అక్కడే ఉన్నాయి. ఆ దగ్గు సంగతి రేపు నేనే డాక్టరుతో మాట్లాడతా."

అతను దండం పెట్టాడు. అత్తయ్య ఫొటో తీసి ఇచ్చింది. అతను కిటికీ వెలుతురు కోసం నా వైపుకి జరిగి దాన్ని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. గుమ్మంలోంచి ఒంటిచెయ్యి గొంతు సవరించుకున్నాడు.

"చూశావా?"

"చూశానమ్మా."

అత్తయ్య కుర్చీ ముందుకి లాక్కుంది. "ఎక్కడ?"

"నా లారీలో ఎక్కాడు."

"ఎక్కి? ఎక్కడ దిగాడు?"

అతను ఫొటో రెండు చేతులతో పట్టుకుని తిరిగిచ్చాడు. "దిగలేదమ్మా. మేమే దింపాం."

టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నవాడు దాన్ని మెల్లగా కింద పెట్టాడు. అత్తయ్య ఫొటోని సంచిలో పెట్టి, సంచి మూతి కట్టింది.

"ఎవర్ని చూసి ఎవరనుకున్నావో" అంది. గొంతు మామూలుగానే ఉంది. కాన్పుల గది బయట కంగారుపడే మగాళ్ళతో మాట్లాడే గొంతు అది. "మనుషుల్లో పోలికలుంటాయి."

"ఉంటాయమ్మా." అతను వాదించలేదు.

"ఇంతకీ నీదే ఊరు?"

చెప్పాడు. రైల్లో ఒక పూట ప్రయాణం.

"అలాగా. గోదాము ఈ ఊరివాళ్ళకే బాబూ. పై ఊళ్ళ వాళ్ళకి ఇవ్వడం కుదరదు."

బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ నేల చూపులు చూశారు. వాళ్ళలో ముగ్గురు పై ఊళ్ళవాళ్ళే, ముగ్గురూ ఆ గోదాములోనే పడుకుంటున్నారు. డ్రైవరు ఒకసారి వాళ్ళకేసి చూసి, "మంచిదమ్మా" అని లేచాడు.

"తర్వాత ఎవరు?" అంది అత్తయ్య.

సూది విరిగింది, కొట్టుకెళ్ళొస్తానని చెప్పి నేను బయటపడ్డాను. వీధి మలుపులో, మూసేసిన కొట్టు చూరు కింద ఆగి దగ్గుతున్నాడు అతను.

"వాళ్ళు చెప్పమన్నదే చెబుదామనుకున్నానమ్మా" అన్నాడు, నేను అడక్కముందే. "ఫొటో చూశాక నోరు రాలేదు. మీరేమవుతారు?"

"భార్యని."

అతని ముఖం మారింది. "అయితే నేను పొరబడ్డానేమో. ఆవిడ అన్నట్టు పోలికలుంటాయి."

"మిమ్మల్ని ఏమీ అనను. ఒక్క గుర్తు చెప్పండి, చాలు."

"ఆ బురదలో గుర్తులేం ఉంటాయమ్మా. అందరం ఒకేలా ఉన్నాం." దగ్గి, మూతి తుడుచుకున్నాడు. "అతని కోటు విప్పి ఇంకొకడికి వేశాం, వాడు చలికి వణుకుతుంటే. తప్పు చేశామేమో తెలీదు. దానికి లోపల ఒక జేబుంది, సైన్యం వాళ్ళు కుట్టింది కాదు. ఎర్ర దారంతో కుట్టి ఉంది. మావాడొకడు చూసి నవ్వాడు, యుద్ధంలో ఎర్ర దారమేంట్రా అని."

ఆయన సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు కుట్టానా జేబు. ఖాకీ దారం అయిపోయింది. లోపలే కదా, ఎవరు చూస్తారు అన్నాను. నువ్వు కుట్టావని నాకు తెలుస్తుంది కదా అన్నారాయన. ఆ జేబు సంగతి అత్తయ్యకి కూడా తెలియదు.

"ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

"అన్నాడని చెప్తే మీకు బాగుంటుంది. కానీ ఏం అనలేదమ్మా. దారి బాలేదు, లారీ బాగా కుదిపింది. అంతే."

"ఎక్కడ?"

"ఒక పంపు షెడ్డు వెనక పూడ్చాం. మళ్ళీ వెళ్తే నేనే కనుక్కోలేను."

మా పెరట్లో రంగు కాచే పాక ఉంది, అక్కడ పడుకోండి అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "పొద్దున లేస్తే ఆవిడ నన్ను చూడాలి. వద్దమ్మా." కోటు కాలరు పైకి లాక్కుని బస్టాండు వైపు వెళ్ళాడు.

నేను తిరిగొచ్చి మిషను ముందు కూర్చున్నాను. కోటు కుట్టాను. కుట్టక ఏం చేయను? నేను ఏడిస్తే అతను చెప్పింది నిజమని అత్తయ్యకి తెలిసిపోతుంది. ఆయన పోయారని తెలిసిన రోజున నేను ఏడవలేదు. వంట చేశాను, వడ్డించాను. అత్తయ్య కొత్త కాలువ గురించి మాట్లాడింది. నేను ఊఁ కొట్టాను.

మా అత్తయ్యకి ఆడిన మాట తప్పే అలవాటు లేదు. గోదాము ఈ ఊరివాళ్ళకే అని అందరి ముందూ అనేసింది కాబట్టి, తర్వాతి కౌన్సిల్ సమావేశంలో దాన్ని నిజం చేసింది. తీర్మానం పెట్టింది, మెంబర్లు చేతులెత్తారు. పై ఊళ్ళవాళ్ళు మూటలు సర్దుకుని వానలో వెళ్ళిపోయారు. అందులో ఇద్దరు మా ఇంటికొచ్చి ఆవిడకి దండం పెట్టి మరీ వెళ్ళారు.

బస్టాండు షెడ్డులోనే ఉండిపోయిన డ్రైవరుకి నేను అప్పుడప్పుడు రొట్టె, మందు పట్టుకెళ్ళేదాన్ని. పక్కన కూర్చునేదాన్ని. ఆయన గురించి మళ్ళీ ఏమీ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆయన్ని ఆఖరున పట్టుకున్న చేతులు అవే కదా అని వాటినే చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు వెళ్తే అతను లేడు. ఒంటిచెయ్యి ఇంటికొచ్చి చెప్పాడు. చిరునామా లేదని మంచం ఇవ్వలేదట, ఆసుపత్రి వరండాలోనే ప్రాణం పోయిందట.

"నేను చెప్పినట్టు చెప్పుంటే బతికేవాడు వదినా" అన్నాడు.

సైనికుడెవరు పోయినా, ఏ ఊరివాడైనా, ఛైర్మనమ్మ శ్మశానానికి వెళ్ళేది. అది ఆవిడ పెట్టుకున్న నియమం. ఈసారి వెళ్ళదనుకున్నాను. వెళ్ళింది. నన్నూ రమ్మంది. పూలు తనే కొంది. గొడుగుల కింద పట్టుమని పదిమంది కూడా లేరు. "ఈ బిడ్డ దేశం కోసం అలిసిపోయాడు. ఇతనికి ఎవరూ లేరు. అందుకే ఇతను మనవాడు" అని అంది. ఆ మాటలు ఆవిడ ఎప్పుడూ అనేవే. పూలు పెట్టడానికి వంగి, లేవడానికి చాలాసేపు తీసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. మా ఆయన కోసం నాకు దొరికిన శవం అదే. కూలబడి గొంతెత్తి ఏడ్చాను. ఎవరో వీపు నిమిరారు. ముక్కూమొహం తెలియనివాడి కోసం ఇంతగా ఏడుస్తోందంటే ఎంత మెత్తటి మనసో అని నా వెనక అనుకుంటున్నారు.

తిరిగొస్తుంటే దారంతా నీళ్ళు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నడిచింది.

"అంతలా ఏడ్చావెందుకే?"

"ఎవరూ లేరు కదత్తయ్యా అతనికి."

కొంచెం దూరం వెళ్ళాక ఆగింది. ముందుకే చూస్తూ అడిగింది. "వాడు ఆ రోజు చెప్పింది, నువ్వు నమ్మావా?"

"లేదు" అన్నాను.

"నేనూ నమ్మలేదు" అంది. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మరుసటి మంగళవారం ఎప్పటిలాగే బెంచీలు నిండాయి. కుంటుకుంటూ ఒక కొత్తవాడు వచ్చాడు. సైకిళ్ళు బాగుచేసే బడ్డీ పెట్టుకోవడానికి మార్కెట్టు దగ్గర కాస్త చోటు అడిగాడు. అత్తయ్య సరేనంది. ఫొటో కోసం సంచి విప్పలేదు. "తర్వాత ఎవరు?" అంది. అతను లేవలేదు. గుమ్మంలో ఉన్న ఒంటిచెయ్యి వైపు బిత్తరగా చూశాడు.

"అమ్మా, మీ అబ్బాయిని..."

"నీ పని చెప్పావుగా బాబూ. అయిపోతుంది, వెళ్ళు."

"అది కాదమ్మా, నది అవతల..."

"వెళ్ళు నాయనా" అంది, చాలా మెల్లగా.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ కళ్ళల్లోకి చూడాల్సి వస్తుంది. ఆవిడకి తెలుసు. నేను కూలబడి ఏడ్చినప్పుడే తెలిసి ఉంటుంది, లేదా ఆ లారీ మాట విన్నప్పుడే. కొడుకుని పోగొట్టుకున్న తల్లి పక్కనే ఉంది, వెళ్ళి వాటేసుకుని ఏడవడానికి నాకు దారి లేదు. నమ్మలేదని నేనే చెప్పాను.

ఆ పూట భోజనాల దగ్గర గోడల వైపు చూస్తూ, "వాడొచ్చేలోపు ఈ గదికి సున్నం వేయించాలే" అంది.

"వేయిద్దాం అత్తయ్యా" అన్నాను.